ప్రస్తుత పాఠశాల వదలడానికి కారణం

స్కూలు ఆఫీసు గది,
సెలవులిచ్చిన మూడో రోజు

బావగారికి,

నమస్కారం. మీరూ, అక్కా, మీ బుడ్డదీ క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేం బాగున్నాం.

ఫోను చేయకుండా ఉత్తరం రాయడానికి కారణం ఉంది. మీ ఇంట్లో ఫోను ఎప్పుడూ అక్క చేతిలోనే ఉంటుంది. మీ వడ్రంగి షెడ్డుకి చేద్దామంటే రంపం మోతలో మీకు సగం వినపడదు, నేను అరవాలి. ఇది అరిచి చెప్పే విషయం కాదు.

మా అమ్మాయి మా స్కూల్లోనే ఏడో తరగతి పూర్తి చేసింది. తరగతిలో మొదటి స్థానం. దాన్ని ఎనిమిదికి మీ టౌన్లో పెద్ద స్కూల్లో వేద్దామనుకుంటున్నాను. మీ ఇంట్లో ఉండి చదువుకుంటుంది. మీ బుడ్డదీ ఎనిమిదికే వచ్చింది, ఎలాగూ అక్కడే చదువుతోంది కాబట్టి ఇద్దరూ కలిసి వెళ్ళొస్తారు. ఈ సెలవుల్లో ఆ స్కూలు బల్లలు బాగుచేసేది మీరే. గేటు దాటి లోపలికి వెళ్ళగలిగిన మనిషి మన వాళ్ళలో ఇంకెవరున్నారు? స్కూలు నిజంగా ఎలా ఉందో, అడ్మిషన్‌కి ఏం కావాలో నెమ్మదిగా కనుక్కుని రాయండి.

అక్కకి మాత్రం చెప్పకండి. అక్కకి చెప్పిన మాట బస్సు కన్నా ముందు ఊళ్ళోకి వస్తుంది. నేను ఇక్కడ హెడ్మాస్టర్ని. హెడ్మాస్టరు కూతురే పోతోందని తెలిస్తే మర్నాడు టీసీల కోసం వరస కడతారు. ఈ ఏడాది కొత్త నిబంధన పెట్టారు. స్కూలు తెరిచిన నెల లోపల అరవై మంది పిల్లలు లేకపోతే ఆ స్కూలు మూసేసి, ఉన్నవాళ్ళని రెండు ఊళ్ళ అవతల స్కూల్లో కలిపేస్తారు. పదోవాళ్ళు వెళ్ళిపోగా, ఆరులోకి రావలసినవాళ్ళు రాగా, మాకిప్పుడు సరిగ్గా అరవై మంది.

మీ జవాబు కోసం చూస్తుంటాను. స్కూలు చిరునామాకే రాయండి.

ఇట్లు,
మీ బావమరిది

* * *

పెద్ద స్కూలు వరండా,
పని మధ్యలో

బావమరిదికి,

ఉత్తరం అందింది. అరవైలో ఒకటి నీ కూతురేనా, నీ కూతురు కాక అరవయ్యా? అది రాయలేదు. నాకు తెలిసినంతలో నీ కూతురుతో కలిపే. ఇంట్లో వాళ్ళందరినీ బయటికి పంపి తలుపులకి ఎవరు కాపలా కాస్తారురా?

సరే, అడిగావు కాబట్టి రాస్తున్నాను. నాకు స్కూళ్ళ సంగతి తెలియదు, బల్లల సంగతి తెలుసు.

ఇక్కడ రెండు వందల పది బల్లలు. పైన ఒక్క గీత లేదు. పేరు లేదు, బొమ్మ లేదు, కంపాస్ ముల్లుతో పొడిచిన గుంట లేదు. ముప్పై ఏళ్ళుగా బల్లలు బాగుచేస్తున్నాను, ఇలాంటివి షాపులో తప్ప చూడలేదు. వాచ్‌మన్‌ని అడిగితే, "పిల్లలు బల్ల మీద నుంచి చెయ్యి తీస్తే కదా గీయడానికి? పొద్దున ఏడున్నరకి చేతులు పెడతారు, సాయంత్రం ఆరున్నరకి తీస్తారు" అన్నాడు.

లైబ్రరీ అద్దాల బీరువా తాళం ఊడదీయమన్నారు. చెవి పోయి రెండేళ్ళయిందట. "మరి పుస్తకాలు?" అని అడిగాను. "భద్రంగా ఉన్నాయి కదా" అన్నాడు గుమాస్తా.

కాళ్ళు బిగించడానికి బల్లలు తిరగేశాను. అప్పుడు కనపడింది. కిందివైపంతా రాతలే. పెన్నుతో రోజుల లెక్క. నూట నలభై, నూట ముప్పై తొమ్మిది, కొట్టివేతలు. సెలవులకి ఇంకా ఎన్ని రోజులో రాసుకుంటున్నారు. ఏడో తరగతి గదిలో మూడో వరసలో ఒక బల్ల కింద రాత నాకు తెలుసు. మా ఇంటి సరుకుల జాబితా రాసేది ఆ చెయ్యే.

బుడ్డదాన్ని నేనేం అడగలేదు. అది కూడా ఏం చెప్పలేదు.

అడ్మిషన్ గురించి గుమాస్తాని అడిగాను. ఫారం నింపాలి, పిల్లకి పరీక్ష పెడతారు, తల్లిదండ్రులకి ఇంటర్వ్యూ. "తల్లిదండ్రులకి ఎందుకండీ?" అన్నాను. "పిల్లలు ఎలాగూ మేం చెప్పినట్టు వింటారు. వినే తల్లిదండ్రులా కాదా చూసుకోవాలి" అన్నాడు.

ఒక మాట నువ్వు చెప్పు. బుడ్డదాన్ని అక్కణ్ణుంచి తీసి మీ స్కూల్లో వేస్తే ఎలా ఉంటుంది? మీ ఇంట్లో ఉంటుంది. మీ స్కూలు ఎలాంటిది? హెడ్మాస్టరువి కాబట్టి నిన్నే అడుగుతున్నాను. ఉన్నదున్నట్టు రాయి.

మీ బావ

* * *

స్కూలు ఆఫీసు గది,
సోమవారం

బావగారికి,

నమస్కారం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బల్లల్ని బట్టి స్కూలు నాణ్యత చెప్పడం పూర్తిగా శాస్త్రీయం అనలేం. ఆ స్కూలు ఫలితాలు మీరూ చూశారు, రోడ్డు పొడవునా ఫొటోలు కట్టారు. రోజులు లెక్కపెట్టుకునే పిల్లలే ఆ మార్కులు తెచ్చారు కదా. మా అమ్మాయి లెక్కపెట్టుకునే రకం కాదు.

మా స్కూలు గురించి అడిగారు. సంతోషం. ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

తరగతి గదుల్లో గాలీ వెలుతురూ ధారాళం, ముఖ్యంగా ఎనిమిదో తరగతి గదిలో. విద్యార్థులు తక్కువ కాబట్టి ప్రతి ఒక్కరి మీదా శ్రద్ధ ఉంటుంది. క్రీడలకూ లెక్కలకూ ఒకే ఉపాధ్యాయుడు ఉండటం వల్ల ఆ రెండింటికీ మధ్య మంచి సమన్వయం ఉంది. ప్రయోగశాలలో పరికరాలన్నీ కొత్తవాటిలా ఉన్నాయి. పిల్లలు చొరవ గలవారు, టీచరు రాని పీరియడ్లలో తమంతట తామే పాఠం చెప్పుకుంటారు. పొద్దున తొమ్మిదిన్నరకి మొదలు, నాలుగింటికి ముగింపు. బుడ్డదానికి ఇక్కడ ఊపిరి ఆడుతుంది, ఆ హామీ నాది.

తప్పకుండా పంపండి. స్కూలు తెరిచిన మొదటి వారంలోనే చేర్చితే మంచిది, నెల చివర దాకా ఆగవద్దు.

పెద్ద స్కూలు ఫారం ఒకటి తీసి పంపగలరు.

ఇట్లు,
మీ బావమరిది

* * *

వడ్రంగి షెడ్డు,
గురువారం

బావమరిదికి,

నీ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించాను. మీ అమ్మాయి సంగతి ఉన్న ముక్క వదిలేసి చదివానులే. "తమ్ముడు మాట ఇచ్చాడంటే ఇంకేం" అంది. పెద్ద స్కూల్లో బుడ్డదాని టీసీ తీసుకున్నాను. గుమాస్తా నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, "ఆ సీటు కోసం నలభై మంది ఉన్నారు, తెలుసా?" అన్నాడు. నలభయ్యొకటి అని నేను అనలేదు.

ఆదివారం బుడ్డదాన్ని తీసుకొస్తాను. పెట్టె సర్దుకుంది. పెట్టె తాళం వేసేటప్పుడు పాట పాడింది. అది పాడుతుందని మర్చిపోయాను.

ఫారం ఇందులో ఉంది. నాలుగు పేజీలు. రెండో పేజీలో ‘ప్రస్తుత పాఠశాల వదలడానికి కారణం’ అని ఒక గడి ఉంది. గుమాస్తా చెప్పినది అలాగే రాస్తున్నాను: "కారణం బలంగా ఉండాలి. ఉత్తుత్తి కారణాలు రాసిన ఫారాలు పక్కన పెట్టేస్తాం." ఈ నెల ఇరవయ్యో తేదీ గడువు.

మీ బావ

* * *

స్కూలు ఆఫీసు గది,
పదహారో తేదీ

బావగారికి,

బుడ్డది కులాసా. వచ్చిన రెండో రోజే స్కూలు గోడెక్కింది, మా ఆవిడ కేకలేసింది. రిజిస్టర్లో పేరు రాశాను. మీరు నిశ్చింతగా ఉండండి.

ఫారం నింపి, సంతకాలు చేసి కవర్లో పెట్టి అంటించాను. టౌనుకి వచ్చే కండక్టరు చేతికిస్తున్నాను. మీరు దాన్ని అలాగే పెద్ద స్కూలు కౌంటర్లో ఇచ్చేస్తే చాలు. కవరు విప్పనవసరం లేదు, అందులో మీకు అక్కరకొచ్చేది ఏమీ లేదు.

మా అమ్మాయి నెల రోజులుగా ఆ ప్రవేశ పరీక్షకి చదువుతోంది. బీజగణితం దానికి కొరుకుడు పడటం లేదు. డ్రిల్లు మాస్టారు తనకి తెలిసినంత చెప్పారు. ఆ స్కూల్లో పడితే తప్ప ఈ పిల్లకి లెక్కలు రావు బావా. వేరే దారి నాకు కనపడటం లేదు. గడువు ఇరవై, మర్చిపోవద్దు.

ఇట్లు,
మీ బావమరిది

* * *

వడ్రంగి షెడ్డు,
ఇరవై రెండో తేదీ

హెడ్మాస్టరు గారికి,

కవరు నేను విప్పలేదు. పెద్ద స్కూలు గుమాస్తా కౌంటర్లో విప్పాడు. నాలుగో పేజీ నా వైపు తిప్పి, "పిల్ల మీ ఇంట్లో ఉంటుందని రాశారు. స్థానిక సంరక్షకుడి సంతకం మీదే" అన్నాడు. సంతకం చోట ‘పై వివరాలన్నీ చదివి, నిజమని నమ్మి సంతకం చేస్తున్నాను’ అని ఉంది. చదవకుండా సంతకం పెట్టొద్దని నాకు చెప్పింది నువ్వే, నా పెళ్ళైన కొత్తలో. కాబట్టి వరండాలో కూర్చుని చదివాను. నాలుగు పేజీలూ.

నీ ఉత్తరం జేబులోనే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకున్నాను.

ఉత్తరంలో ఎనిమిదో తరగతి గదిలో గాలీ వెలుతురూ ధారాళం అన్నావు. ఫారంలో ఆ గది పైకప్పుకి మూడు రేకులు లేవు అన్నావు.

ఉత్తరంలో క్రీడలకూ లెక్కలకూ సమన్వయం అన్నావు. ఫారంలో రెండేళ్ళుగా లెక్కల టీచరు లేడు, డ్రిల్లు మాస్టారు ఎక్కాల దగ్గర ఆగిపోతున్నాడు అన్నావు.

ప్రయోగశాల పరికరాలు కొత్తవాటిలా ఉన్నాయన్నావు. ఫారంలో ఆ గది తెరిచి నాలుగేళ్ళయింది అన్నావు.

ఒక్కటీ అబద్ధం రాయలేదు. అంతా ఉన్నదున్నట్టే. నీ చదువుకి దణ్ణం పెడుతున్నాను.

కింద తండ్రిగా ఒక సంతకం చేశావు. దాని కింద ‘ప్రస్తుత పాఠశాల ప్రధానోపాధ్యాయుని ధ్రువీకరణ’ అని ఉంటే అక్కడా నువ్వే సంతకం చేసి సీలు కొట్టావు. నా కూతురు వచ్చిన వారానికి నీ కూతురు వెళ్తుంది. రిజిస్టర్లో అరవై అరవైగానే ఉంటుంది. మూడు రేకులు లేని గదిలో నా కూతుర్ని కూర్చోబెట్టి నీ కూతుర్ని నా ఇంటికి పంపుతున్నావు.

ఫారం మీ అక్కకి చూపించాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. నీకు తెలుసు, అది ఎంత పెద్ద విషయమో. తర్వాత చీర మార్చుకుని, "పద" అంది.

విద్యాశాఖ ఆఫీసుకి వెళ్ళాం. అక్కడ తలుపులు నేనే బిగించాను, ఆఫీసరుకి నా ముఖం తెలుసు. ఫారం చేతికిచ్చాను. ఆయన మొత్తం చదివి, ఒక ఫైలు తెప్పించి, "మీ హెడ్మాస్టరు మమ్మల్ని ఎప్పుడూ టీచర్ని అడగలేదే. మూడేళ్ళుగా వార్షిక నివేదికలో భవనం సంతృప్తికరం, సిబ్బంది సంతృప్తికరం అనే రాస్తున్నాడు" అన్నాడు.

"చిన్నప్పుడూ అంతేనండీ," అంది మీ అక్క. "మోకాలు చీరుకుపోయి రక్తం కారుతుంటే, ఏం లేదు ఏం లేదు అని లోపలికి పోయేవాడు. వెనకాల నేను వెళ్ళి అమ్మకి చెప్పేదాన్ని."

"ఈ సంతకం ఆయనదేనా?"

"రెండూ ఆయనవే," అన్నాను. "ఒకటి తండ్రిది. ఒకటి హెడ్మాస్టరుది. ఇద్దరూ ఒప్పుకున్నారు కాబట్టి నమ్మొచ్చు."

ఫారం ఆయన దగ్గరే ఉంచుకున్నాడు. గడువు దాటిపోయింది.

ఇట్లు,
ఎనిమిదో తరగతి విద్యార్థిని తండ్రి

* * *

స్కూలు ఆఫీసు గది,
ఒకటో తేదీ

అయ్యా,

మీరు చేసిన పని అందింది. ఆఫీసు నుంచి మెమో రూపంలో అందింది.

మూడు వార్షిక నివేదికల్లో సంతృప్తికరం అని రాసిన మనిషే, అదే సీలుతో, ప్రైవేటు స్కూలు ఫారంలో అందుకు పూర్తిగా విరుద్ధంగా ఎలా ధ్రువీకరించాడు? రెండింట్లో ఏది అబద్ధం? ఏడు రోజుల్లో రాతపూర్వకంగా వివరణ ఇవ్వాలి. ఇదీ మెమో.

మీకు నా మీద కోపం ఉంటే నన్ను నాలుగు తిట్టవలసింది. పడేవాణ్ణి. మధ్యలో పిల్ల ఏం చేసింది? గడువు దాటిందని చెబితే పుస్తకం మూసి పక్కన పెట్టి, "అయితే రేపు మామూలు స్కూలేనా?" అంది. మామూలు స్కూలు అంటే నాదే.

నివేదికల్లో ఎందుకలా రాశానని మీరు అడగలేదు. అయినా చెబుతాను. బాగాలేదు అని రాసిన స్కూళ్ళని ముందు మూస్తారు. మా పక్క మండలంలో ఒక పిచ్చి మహారాజు ఉన్నదున్నట్టు రాశాడు. ఆ స్కూలు ఇప్పుడు గోడౌను. మీ బల్లలకి నోరు లేదు, నాకు ఉంది, అందుకని అబద్ధం ఆడాను.

ఫారం అబద్ధం అని రాస్తే నా ఉద్యోగానికి ఏమీ కాదు. తండ్రి ప్రేమలో కాస్త ఎక్కువ చేసి రాశాను అంటే ఆఫీసు వాళ్ళే నవ్వి వదిలేస్తారు. లెక్కల టీచరు మాత్రం రాడు. నివేదికలు అబద్ధం అని రాస్తే నన్ను ఉంచరు. ఏది రాయమంటారు? సలహా ఇవ్వండి, అన్నీ చదివే మనిషి కదా.

హెడ్మాస్టరు

* * *

వడ్రంగి షెడ్డు,
మూడో తేదీ

బావమరిదికి,

సలహా అడిగావు. రెండూ రాసింది నువ్వే, ఏది అబద్ధమో నాకన్నా నీకే తెలుసు.

బల్ల ఊగుతుంటే పొట్టి కాలి కింద కాగితం మడిచి పెట్టేవాళ్ళున్నారు. ఆ పూటకి ఊగదు. ఆ కాగితం ప్రతి వారం మార్చాలి. నువ్వు మూడేళ్ళుగా మారుస్తున్నావు, ఇంక అలిసిపోయి ఉంటావు.

గోడౌను సంగతి నాకు తెలియదు. తెలిసుంటే ఆఫీసుకి వెళ్ళేముందు నీకు ఒక మాట చెప్పేవాణ్ణేమో. చెప్పి, మళ్ళీ వెళ్ళేవాణ్ణి.

నీ కూతురి విషయంలో తప్పు చేశాననే అనుకుంటున్నాను. కానీ నా కూతురు కూడా ఆ గదిలోనే కూర్చుంది కాబట్టి క్షమాపణ అడగడం కుదరటం లేదు.

రేకులు మూడూ నేను తెస్తాను. ఆఫీసు అనుమతి కావాలంటావేమో. వాన అనుమతి అడగదు.

మీ బావ

* * *

స్కూలు ఆఫీసు గది,
ఆ నెలాఖరు

బావగారికి,

వివరణ పంపాను. ఒకే వాక్యం. ‘వార్షిక నివేదికలు మూడూ అవాస్తవం, ఫారంలోనిది వాస్తవం.’ మా ఆవిడ చదివి, "ఇంతేనా?" అంది. ఇంతే. మూడేళ్ళు పేజీలకి పేజీలు రాసిన చెయ్యి అది, ఇంతకు మించి కదల్లేదు.

రెండు వారాలకి రెండు ఆర్డర్లు ఒకే కవర్లో వచ్చాయి. ఒకటి లెక్కల మాస్టారి నియామకం. రెండోది నా బదిలీ. బస్సు దిగి ఇంకా గంట నడవాలట. నెల చివర లెక్క తీశారు. అరవై ఒక్క మంది. స్కూలు ఉంటుంది.

అమ్మాయిని నాతో తీసుకెళ్దామనుకున్నాను. అది ఒప్పుకోలేదు. "లెక్కల సారు ఇక్కడికి వస్తుంటే నేనెందుకు నాన్నా అక్కడికి?" అంది. ఏదో ఒక కారణం చెప్పాలని చూశాను. బలమైనది ఏదీ దొరకలేదు. వాళ్ళమ్మా అదీ ఇక్కడే ఉంటారు, బుడ్డది ఎలాగూ ఉంది. నేను వారానికోసారి వస్తాను.

రేకులు వేసినందుకు సంతోషం. మీరు వేసింది బాగానే ఉంది కానీ గది చీకటైందని పిల్లలు గొడవ చేస్తున్నారు.

మీ బావమరిది

* * *

మీ ఇల్లు, అరుగు మీద,
ఆదివారం

బావమరిదికి,

మీ ఇంటికి వచ్చి, నువ్వు లేని మీ ఇంటి నుంచే నీకు రాస్తున్నాను. ఈ వారం నువ్వు రాలేదని మీ ఆవిడ అలిగింది. వాగు పొంగిందని కబురు పంపావట. వాగు పేరు చెప్పి తప్పించుకునే పని ఇంట్లో ఏమీ లేదని చెప్పమంది, చెబుతున్నాను.

పిల్లలిద్దరూ బాగున్నారు. కొత్త లెక్కల మాస్టారు మంచివాడు, బాగా చెబుతాడట. నీ కూతురు నన్ను కూర్చోబెట్టి ఏదో సమీకరణం అని చెప్పింది. నాకు అర్థమైనట్టు తల ఊపాను, అది నమ్మలేదు. డ్రిల్లు మాస్టారు లెక్కలు వదిలేసినా లెక్కలు ఆయన్ని వదల్లేదు. గ్రౌండులో పిల్లల చేత పరిగెడుతూ ఎక్కాలు చెప్పిస్తున్నాడు.

కొత్త మాస్టారితో స్కూలు గేటు దగ్గర మాట్లాడాను. ఎనిమిది చదివే కొడుకు ఉన్నాడట. టౌన్లో పెద్ద స్కూల్లో వేశాడు. మా బుడ్డది ఖాళీ చేసిన సీటే అయ్యుంటుంది.

"ఇక్కడే వేయొచ్చు కదా సార్?" అన్నాను.

"ఇక్కడ బాగానే ఉంటుందండీ. కానీ లెక్కల్లో పునాది గట్టిగా పడాలి కదా," అన్నాడు.

"ఇక్కడ లెక్కలు ఎవరు చెబుతున్నారు?"

"నేనే," అన్నాడు.

నేను ఆయన ముఖం చూశాను. ఏ తేడా లేదు. మీ పంతుళ్ళకి ట్రైనింగులోనే ఇది నేర్పుతారా?

అక్కడ ఎలా ఉందో రాయి. ఉన్నదున్నట్టు అని అడగను, ఒకసారి అడిగి చూశాను.

మీ బావ

* * *

కొత్త స్కూలు,
ఆఫీసు గది, స్టాఫు గది, ఏడో తరగతి గది (మూడూ ఒకటే)

బావగారికి,

నమస్కారం. వాగు నిజంగానే పొంగింది, మా ఆవిడకి చెప్పండి. అమ్మాయి రాసిన ఉత్తరం కూడా అందింది. సగం పేజీ సమీకరణాలే ఉన్నాయి, నన్ను చేసి పంపమంది. ఒకటి వచ్చింది, రెండు రాలేదు.

ఇక్కడ నలుగురు టీచర్లు ఉండాలి, ఇద్దరున్నారు, అందులో ఒకణ్ణి నేను. పిల్లలు మంచివాళ్ళు. వాగు దాటి వస్తారు, పుస్తకాలు నెత్తి మీద పెట్టుకుని. ఇక్కడ సీట్ల కోసం ఎవరూ వరస కట్టరు, వదిలి వెళ్ళడానికి దగ్గర్లో ఇంకో స్కూలూ లేదు.

నిన్న వార్షిక నివేదిక పంపమని కబురొచ్చింది. గుమాస్తా పోయిన ఏటిది తెచ్చి ముందు పెట్టాడు. "తేదీ ఒక్కటి మారిస్తే చాలు సార్. అందరూ అంతే చేసేవారు," అన్నాడు. చూశాను. భవనం సంతృప్తికరం. సిబ్బంది సంతృప్తికరం. నాకు ముందు ఇక్కడ పనిచేసినాయన రాత కూడా అచ్చు నా రాతలాగే ఉంది.

దాన్ని పక్కన పెట్టి కొత్త కాగితం తీసుకోమన్నాను. నేను చెబుతుంటే అతను రాశాడు. ఒకటి, లెక్కలకి టీచరు లేరు. రెండు, సైన్సుకి లేరు. మూడు, మంచినీళ్ళ పంపు పనిచేయదు. నాలుగు, వానాకాలం వారానికి రెండు రోజులు పిల్లలు రాలేరు.

నాలుగోది రాసి పెన్ను కింద పెట్టాడు.

"సార్, ఇలా రాస్తే మిమ్మల్ని ఇక్కణ్ణుంచి కూడా మార్చేస్తారు."

"ఎక్కడికి?" అని అడిగాను.

అతను గోడ మీద పటం దగ్గరికి వెళ్ళి, వేలు పెట్టి కాసేపు వెతికాడు. వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

"దీని తర్వాత ఇంకేం లేదు సార్."

"అయితే ఐదోది రాసుకో," అన్నాను.

మీ బావమరిది